నిడదవోలు జంక్షన్: స్టేషన్ బాగుపడితే రైలు టైముకొస్తుందా?

గోదావరి జిల్లాల్లో రైల్వే స్టేషన్ల అభివృద్ధి మాటెత్తితే చాలు, వాదన మొదలవుతోంది. ఒకరు ఫోన్‌లో కొత్త ముఖద్వారం బొమ్మ చూపించి "మన స్టేషన్ ఎయిర్‌పోర్టులా తయారవుతోంది" అంటారు. ఎదుటాయన ఊరుకోడు. "అదంతా సరేనండీ, ముందు రైలును ఔటర్ సిగ్నల్ దగ్గర నిలబెట్టకుండా స్టేషన్ లోపలికి రానిమ్మనండి" అంటాడు. ఇద్దరి మాటలోనూ తప్పు లేదు. కాకపోతే వాళ్ళు మాట్లాడుకునేది ఒకే పని గురించి కాదు. ఆ రెండు పనులకీ డబ్బు వేరు, చేసే ఇంజనీర్లు వేరు, పట్టే కాలం వేరు.

2023 ఆగస్టు 6న అమృత్ భారత్ స్టేషన్ పథకం కింద దేశమంతటా 508 స్టేషన్లకు ప్రధాని ఒకేసారి శంకుస్థాపన చేసినప్పటి నుంచి ఈ గందరగోళం ఎక్కువైంది. 2027 గోదావరి పుష్కరాల పనుల మాట కూడా దీనికి తోడైంది. దీన్ని విడదీసి చూడటానికి నిడదవోలు కంటే మంచి ఉదాహరణ డెల్టాలో దొరకదు. అవసరమైన చోట భీమవరం, సామర్లకోట కూడా వస్తాయి.

## మూడు దారులుంటేనే జంక్షన్

జంక్షన్ అంటే పెద్ద స్టేషన్ అని చాలామంది అనుకుంటారు. పెద్దా చిన్నాతో దానికి పని లేదు. ఒక దారిన వచ్చిన రైలు అక్కడి నుంచి కనీసం రెండు దారుల్లో వెళ్ళగలగాలి. అంటే మొత్తం మూడు దారులు కలవాలి. రాజమండ్రి ఎంత పెద్ద స్టేషనైనా జంక్షన్ కాదు. ఇటు కొవ్వూరు వైపు, అటు కడియం వైపు, అంతే. దానికన్నా చాలా చిన్నదైన నిడదవోలు మాత్రం జంక్షనే. విజయవాడ నుంచి ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా వచ్చే హౌరా–చెన్నై మెయిన్ లైన్ పడమర నుంచి అక్కడికి చేరి, ఈశాన్యంగా కొవ్వూరు వైపు సాగిపోతుంది. భీమవరం నుంచి అత్తిలి, తణుకు మీదుగా వచ్చే లైను దక్షిణం నుంచి వచ్చి కలుస్తుంది.

లూప్ లైన్ అనే మాటను రెండు అర్థాల్లో వాడతారు కాబట్టి ముందే చెప్పుకోవాలి. స్టేషన్ లోపల మెయిన్ లైన్ పక్కన రైలును నిలిపి ఉంచడానికి వేసే పక్క ట్రాక్ లూప్ లైన్. విజయవాడ నుంచి గుడివాడ, భీమవరం మీదుగా చుట్టు తిరిగి నిడదవోలులో మళ్ళీ మెయిన్ లైన్‌ను కలిసే మొత్తం దారిని కూడా లూప్ లైన్ అనే అంటారు. శేషాద్రి, సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లు వెళ్ళేది ఈ రెండో దాని మీద. ఏలూరు దారితో పోలిస్తే ఇది పాతిక ముప్పై కిలోమీటర్లు ఎక్కువ.

## డెల్టా ఊళ్ళకు మెయిన్ లైన్ ఎందుకు రాలేదు

మ్యాప్ చూస్తే ఒక విషయం వెంటనే తెలుస్తుంది. భీమవరం, పాలకొల్లు, నరసాపురం, అమలాపురం, కాకినాడ... డెల్టాలో జనం కిక్కిరిసిన ఊళ్ళలో ఒక్కటీ మెయిన్ లైన్ మీద లేదు. మెయిన్ లైన్ మీదున్నవి డెల్టా పై అంచున ఉన్న తాడేపల్లిగూడెం, నిడదవోలు, రాజమండ్రి, సామర్లకోట.

ఇదంతా గోదావరి చేసిన పని. 1890ల్లో విజయవాడ నుంచి కటక్ వైపు లైను వేసినప్పుడు నదిని ఎక్కడ దాటాలన్నదే అసలు ప్రశ్న. ధవళేశ్వరం పైన గోదావరి ఎంత వెడల్పున్నా ఒకే పాయ. ఆనకట్ట దాటగానే గౌతమి, వశిష్ఠగా చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ వేరుపడుతుంది. కిందికి వెళ్ళినకొద్దీ ఒక వంతెన కాస్తా రెండు, మూడు అవుతుంది. అందుకే రాజమండ్రి దగ్గర ఒకే పెద్ద వంతెన కట్టారు. 1900లో మొదలైన ఆ హేవలాక్ వంతెన మీద 1997 దాకా రైళ్ళు నడిచాయి. ఇప్పుడు నడిచేవి 1974 నాటి రోడ్డు-రైలు వంతెన మీద, 1997లో వచ్చిన ఆర్చ్ వంతెన మీద.

రైలు రాలేదని అప్పట్లో డెల్టా అంతగా బాధపడినట్టూ లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కాలువలు సాగుకే కాకుండా పడవలు తిరగడానికి కూడా వీలుగా లాకులతో కట్టినవి. వడ్ల బస్తాలు పడవల్లో తిరిగేవి. ఆర్థర్ కాటన్ అయితే రైళ్ళకు పోసే డబ్బు కాలువలకు పోస్తే మేలని గట్టిగా వాదించినవాడు. ఆ తర్వాత పడవలు పోయాయి, లారీలు వచ్చాయి, కాలువలు సాగునీటికే మిగిలాయి. డెల్టా లోపలి ఊళ్ళు మాత్రం బ్రాంచి లైన్లకు వేలాడుతూ ఉండిపోయాయి. నరసాపురం, పాలకొల్లు వాళ్ళకు విశాఖ వైపు తలుపు నిడదవోలు. కాకినాడ వాళ్ళకు మెయిన్ లైన్ అంటే సామర్లకోటే. పిఠాపురం నుంచి కాకినాడకు లైను వేసి తమ ఊరిని మెయిన్ లైన్‌లో కలపాలన్న కాకినాడ డిమాండ్ ఇప్పటిది కాదు.

అంటే ఈ జంక్షన్లను ఎక్కువగా వాడేది ఆ ఊరివాళ్ళు కాదు. ఇది గుర్తుంచుకుంటే మిగతా చిక్కులు చాలావరకు అర్థమవుతాయి.

## భవనం, యార్డు, లైను

స్టేషన్ అభివృద్ధి అని పేపర్లో వచ్చే వార్తలను మూడు రకాలుగా విడదీయవచ్చు.

మొదటిది భవనం. ముఖద్వారం, టికెట్ కౌంటర్లు, వెయిటింగ్ హాలు, మరుగుదొడ్లు, లిఫ్టులు, ఎస్కలేటర్లు, ఫుట్ ఓవర్ బ్రిడ్జి, ఆటోలూ కార్లూ తిరిగే ముందు ఆవరణ, ప్లాట్‌ఫాం మీద షెడ్డు. అమృత్ భారత్ పథకం ప్రధానంగా దీనికే. దేశంలో 1,300కు పైగా స్టేషన్లు ఇందులో ఉన్నాయి. మన వైపు రాజమండ్రి, నిడదవోలు, తాడేపల్లిగూడెం, భీమవరం టౌన్, నరసాపురం, సామర్లకోట, కాకినాడ టౌన్ ఆ జాబితాలోవే. ముందు మాస్టర్ ప్లాన్ వేసి, డబ్బును బట్టి విడతలుగా చేయడం ఈ పథకం పద్ధతి. కాబట్టి ఫోన్‌లో తిరిగే బొమ్మలో ఉన్నదంతా మొదటి విడతలో కనిపించకపోతే మోసమేమీ జరగలేదు. ఆ బొమ్మ చివరి విడతది.

రెండోది యార్డు. ప్లాట్‌ఫాం చివర దాటాక కనిపించే, రైలును ఒక ట్రాక్ నుంచి ఇంకో ట్రాక్‌కు మళ్ళించే పాయింట్లు, సిగ్నళ్ళు, పక్క లూపులు, గూడ్స్ నిలిపే ట్రాక్‌లు. ఏ రైలు ఎప్పుడు లోపలికి వస్తుందో తేల్చేది ఇదే. దీని మార్పును యార్డ్ రీమోడలింగ్ అంటారు. శంకుస్థాపన ఫోటోలో ఇది పడదు, పడినా ఎవరికీ అర్థం కాదు.

మూడోది లైను. సింగిల్‌ను డబుల్ చేయడం, కరెంటు లైను వేయడం, మూడో లైను, కొత్త లైను. విజయవాడ–గుడివాడ–భీమవరం–నరసాపురం, గుడివాడ–మచిలీపట్నం, భీమవరం–నిడదవోలు కలిపి 221 కిలోమీటర్ల డబ్లింగ్, విద్యుదీకరణ 2011-12లో మంజూరై దశాబ్దానికి పైగా సాగింది. అంతకుముందు ఆ దారిలో ప్రయాణం చేసినవాళ్ళకు ఆకివీడులోనో కైకలూరులోనో ఎదురు రైలు కోసం ఆగిన సాయంత్రాలు గుర్తుండే ఉంటాయి. ఆ ఎదురుచూపు పోయింది డబ్లింగ్ వల్ల. ఏ స్టేషన్ గోడకు వేసిన రంగుకీ దాంతో సంబంధం లేదు.

లైన్లకు, పెద్ద యార్డు పనులకు డబ్బు రైల్వే బోర్డు మంజూరు చేస్తుంది. ఏటా బడ్జెట్‌తో పాటు వచ్చే పింక్ బుక్‌లో ఏ పనికి ఎంత ఇచ్చారో ఉంటుంది. స్టేషన్ భవనం పనిని డివిజన్ స్థాయిలో నడిపిస్తారు. 2019 ఫిబ్రవరిలో ప్రకటించిన, విశాఖ కేంద్రంగా ఉండే దక్షిణ కోస్తా జోన్‌తో అన్నీ మారిపోతాయని కొందరి ఆశ. జోన్ వల్ల టైంటేబుల్ చర్చ సికింద్రాబాద్‌కు బదులు విశాఖలో జరుగుతుంది, అది చిన్న విషయమేమీ కాదు. అయినా కొత్త లైను మంజూరు ఎప్పటిలాగే ఢిల్లీ నుంచే రావాలి.

## రైలు ఔటర్‌లో ఎందుకు ఆగుతుంది

ఇప్పుడు అసలు చిక్కు. మన దగ్గర డబుల్ లైన్ మీద రైళ్ళు మామూలుగా ఎడమ పక్క ట్రాక్‌లోనే నడుస్తాయి. నిడదవోలు దగ్గర తూర్పు ముఖంగా నిలబడ్డామనుకుందాం. రాజమండ్రి వైపు వెళ్ళే రైళ్ళకు ఎడమ, అంటే ఉత్తరం ట్రాక్. రాజమండ్రి నుంచి వచ్చేవాటికి దక్షిణం ట్రాక్. భీమవరం లైను కలిసేది కూడా దక్షిణం పక్కనే.

రాజమండ్రి నుంచి భీమవరం వెళ్ళే రైలుకు ఏ ఇబ్బందీ లేదు. అది దక్షిణం ట్రాక్ మీదే వచ్చి, అలాగే ఎడమకు తిరిగి తణుకు దారి పడుతుంది. ఎదురు వచ్చేవాటిని తాకదు. భీమవరం నుంచి రాజమండ్రి వెళ్ళే రైలుకు అలా కుదరదు. దానికి కావాల్సింది ఉత్తరం ట్రాక్. అక్కడికి చేరాలంటే మధ్యలో దక్షిణం ట్రాక్‌ను అడ్డంగా కోసుకుంటూ వెళ్ళాలి. వెళ్ళేంతసేపూ రాజమండ్రి వైపు నుంచి మెయిన్ లైన్‌లో వచ్చే రైలుకు దారి మూసేసినట్టే. లారీ హైవే మీద యూటర్న్ తీసుకుంటుంటే రెండు వైపులా కార్లు ఆగిపోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

ఎంతసేపు? అర్థం కావడానికి ఒక లెక్క వేసుకుందాం. గూడ్స్ రైలు పొడవు దాదాపు 700 మీటర్లు. అది దాటాల్సిన పాయింట్ల ప్రాంతం 500 మీటర్లనుకుంటే, తోక పూర్తిగా బయటపడటానికి మొత్తం 1,200 మీటర్లు కదలాలి. పాత తరహా పాయింట్ల మీద పక్క దారికి గంటకు 15 కిలోమీటర్లే అనుమతి, అంటే నిమిషానికి 250 మీటర్లు. అయిదు నిమిషాలు పడుతుంది. దారి అమర్చడానికి, సిగ్నల్ ఇవ్వడానికి, తర్వాత మళ్ళీ మెయిన్ లైన్‌కు దారి మార్చడానికి ఇంకో రెండు మూడు నిమిషాలు. మొత్తం ఏడెనిమిది. అదే 30 కిలోమీటర్ల వేగానికి పనికొచ్చే పాయింట్లు వేస్తే దాటే సమయం రెండున్నర నిమిషాలకు తగ్గుతుంది.

రెండున్నర నిమిషాలు మిగిలితే ఏమొస్తుంది అనిపించవచ్చు. రద్దీ వేళ మెయిన్ లైన్‌లో పది నిమిషాలకో రైలు వస్తోందనుకోండి. మొదటిది ఔటర్‌లో ఆగి మళ్ళీ వేగం అందుకునేసరికి, దాని వెనకది పసుపు సిగ్నల్ చూసి నెమ్మదిస్తుంది. దాని వెనకది ఇంకొంచెం. ఒక్క గూడ్స్ అడ్డం దాటినందుకు మూడు రైళ్ళు తలో కొంత ఆలస్యమవుతాయి. లోపల కూర్చున్నవాళ్ళకు కనిపించేది మాత్రం కిటికీ పక్కన వరి చేను, ఆగిన ఫ్యాను గాలి, "ఇదిగో స్టేషన్ వచ్చేసింది, ఇక్కడ ఆపాడేంటి" అనే టెన్షన్.

దీనికి మూడు రకాల మందులున్నాయి. టైంటేబుల్‌ను సర్దడం, అంటే మెయిన్ లైన్ ఖాళీగా ఉన్నప్పుడే బ్రాంచి రైలు వచ్చేలా చూడటం. డబ్బు ఖర్చు లేదు, కానీ ఒక రైలు ఆలస్యమైతే అంతా తలకిందులు. రెండోది యార్డును మార్చడం: వేగం ఎక్కువ తట్టుకునే పాయింట్లు, బ్రాంచి రైలు పక్కన వేచి ఉండటానికి అదనపు పొడవైన లూపు. మూడోది ఫ్లైఓవర్. బ్రాంచి ట్రాక్‌ను మెయిన్ లైన్ మీదుగా ఎత్తి అవతల దించడం. వినడానికి ఇదే శాశ్వత పరిష్కారం.

ఫ్లైఓవర్ అనగానే డెల్టా నేల అడ్డుపడుతుంది. కింద కరెంటు తీగలున్న లైను మీదుగా వెళ్ళాలంటే పై ట్రాక్ సుమారు ఎనిమిది మీటర్ల ఎత్తులో ఉండాలనుకుందాం. బరువైన గూడ్స్ ఎక్కాలంటే వాలు నూటికి ఒకటికి మించకూడదు. అంటే ఎక్కడానికి 800 మీటర్లు, దిగడానికి 800 మీటర్లు. ఇంకా తేలిక వాలు, నూటయాభైకి ఒకటి కావాలంటే ఒక్కో పక్క 1,200 మీటర్లు. అంత పొడవునా మెత్తటి ఒండ్రు మట్టి మీద కట్టాలి. గట్టు వేస్తే దిగబడుతుంది, స్తంభాలు వేస్తే ఖర్చు. ఆ దారిలో పంట బోదెలు, కాలువలు, మూడో పంట కూడా పండే పొలాలు. చిన్న జంక్షన్లకు ఫ్లైఓవర్ మాట వచ్చినప్పుడల్లా రైల్వే యార్డు మార్పు దగ్గరే ఆగడానికి కారణం ఈ లెక్కే.

## నాన్ ఇంటర్‌లాకింగ్ పనులు: రైళ్ళు రద్దు

పేపర్లో తరచూ కనబడే మాట ఇది. పాయింట్లు సరైన వైపు బిగుసుకుంటే తప్ప ఆకుపచ్చ సిగ్నల్ పడకుండా చూసే ఏర్పాటు ఇంటర్‌లాకింగ్. యార్డులో ఒక కొత్త ట్రాక్ కలపాలన్నా ఆ ఏర్పాటును విప్పి మళ్ళీ అల్లాలి. ఆ కొన్ని రోజులు పాయింట్లను మనుషులే బిగించి, తాళం వేసి, రైళ్ళను నెమ్మదిగా పంపుతారు. మామూలు రోజుల్లో వెళ్ళేన్ని రైళ్ళు వెళ్ళలేవు కాబట్టి కొన్ని రద్దు, కొన్ని దారి మళ్ళింపు.

ఇంత జాగ్రత్త ఎందుకో ఇదే హౌరా–చెన్నై లైను మీద 2023 జూన్ 2న బాలాసోర్ దగ్గర తెలిసింది. కోరమండల్ ఎక్స్‌ప్రెస్ గూడ్స్ ఆగి ఉన్న లూప్‌లోకి వెళ్ళిపోయింది. సిగ్నలింగ్ సర్క్యూట్ మార్పుల్లో జరిగిన లోపాలే కారణమని రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది.

నిడదవోలుకు ఇందులో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఏలూరు దగ్గరో తాడేపల్లిగూడెం దగ్గరో పని జరిగితే రైళ్ళను గుడివాడ, భీమవరం టౌన్ మీదుగా తిప్పుతారు. ఆ పూట ఏలూరు వాళ్ళు రైలు పోగొట్టుకుంటారు, భీమవరం వాళ్ళు రోజూ చూడని రైళ్ళు చూస్తారు. పని నిడదవోలులోనే జరిగితే? రెండు దారులూ కలిసేది అక్కడే కాబట్టి తప్పించుకునే మార్గం లేదు. అందుకే ఇలాంటి జంక్షన్లలో యార్డు పని మొదలుపెట్టడానికి అధికారులు వెనకాముందాడతారు. పని ఎంత అవసరమో, ఆ కొన్ని రోజులు అంత నష్టం.

## కంకర మీదకు దించే పెట్టెలు

భవనానికీ యార్డుకీ మధ్యలో ఉండే విషయం ప్లాట్‌ఫాం పొడవు. ఇప్పటి ఎల్‌హెచ్‌బీ రకం పెట్టె ఒక్కొక్కటి సుమారు 24 మీటర్లు. 22 పెట్టెల రైలుకు 528, ఇంజనుతో కలిపి 550 మీటర్లు. అమృత్ భారత్ మార్గదర్శకాల్లో ప్లాట్‌ఫాం పొడవు సాధారణంగా 600 మీటర్లు ఉండాలన్నది ఇందుకే. ప్లాట్‌ఫాం 480 మీటర్లే ఉందనుకుంటే దాదాపు 70 మీటర్లు, అంటే మూడు పెట్టెలు బయట ఉండిపోతాయి. చివర ఉండేవి మామూలుగా జనరల్ పెట్టెలు. రాత్రిపూట ముసలావిడ ముందు సంచీ కిందకు జారవిడిచి, రెండు చేతులతో కడ్డీ పట్టుకుని, కాలితో కంకర రాయి తడుముకుంటూ దిగడం చూసినవాళ్ళు ఈ 70 మీటర్లను చిన్న విషయం అనరు. లిఫ్టు ఉన్నది ప్లాట్‌ఫాం మధ్యలో.

ప్లాట్‌ఫాం పొడిగింపు తేలిక అనిపిస్తుంది కానీ, దాని చివరే పాయింట్లు మొదలవుతాయి. వాటిని జరపాలంటే మళ్ళీ ఇంటర్‌లాకింగ్, మళ్ళీ నాన్ ఇంటర్‌లాకింగ్ రోజులు. కొన్ని చోట్ల భవనం తళతళలాడుతుండగా ప్లాట్‌ఫాం పొట్టిగానే ఉండిపోవడం అందుకే.

"మన ఊరి నుంచే కొత్త రైలు" అనే డిమాండ్‌కూ ఇలాంటి అడ్డంకే ఉంది. రైలు ఒక చోట మొదలవ్వాలంటే పెట్టెల కింద మనిషి నిలబడి తనిఖీ చేసే పిట్ లైను, నీళ్ళు నింపే ఏర్పాటు, రేక్ (పెట్టెల వరుస) నిలిపే ఖాళీ ట్రాక్ కావాలి. నరసాపురం, కాకినాడ, మచిలీపట్నం లాంటి చివరి స్టేషన్ల నుంచి రైళ్ళు బయలుదేరుతాయి, మధ్యలో ఉన్న జంక్షన్ నుంచి అరుదు.

## లెక్కలోకి రాని ప్రయాణికుడు

స్టేషన్లను రైల్వే 2017 నుంచి ఎన్‌ఎస్‌జీ (నాన్ సబర్బన్ గ్రూప్)-1 నుంచి 6 వరకు తరగతులుగా విభజిస్తోంది. సబర్బన్ స్టేషన్లు, హాల్ట్‌లకు వేరే తరగతులున్నాయి. ఏడాదికి టికెట్ల ఆదాయం, అక్కడి నుంచి బయలుదేరే ప్రయాణికుల సంఖ్య దీనికి కొలతలు. ఉదాహరణకు కోటి నుంచి పది కోట్ల ఆదాయం, లేదా పది నుంచి ఇరవై లక్షల మంది ఉంటే ఎన్‌ఎస్‌జీ-5. పది నుంచి ఇరవై కోట్లు, లేదా ఇరవై నుంచి యాభై లక్షల మంది ఉంటే ఎన్‌ఎస్‌జీ-4. ఏ స్టేషన్‌లో ఎన్ని కుర్చీలు, ఎన్ని కుళాయిలు, ఎంత షెడ్డు ఉండాలో ఈ తరగతిని బట్టి ఉంటుంది.

జంక్షన్‌కు ఇక్కడ నష్టం. పాలకొల్లులో విశాఖకు టికెట్ తీసుకున్న మనిషి నిడదవోలులో దిగి, వేరే రైలు కోసం రెండు గంటలు కూర్చుని, బాత్రూం వాడి, ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఎక్కి దిగి వెళ్తాడు. లెక్కలో అతను పాలకొల్లు ప్రయాణికుడు. రోజుకు 500 మంది ఇలా మారతారనుకుంటే ఏడాదికి 1,82,500 మంది. వాళ్ళందరూ స్టేషన్‌ను వాడుకుంటారు, తరగతి లెక్కలో ఒక్కరూ ఉండరు. నిడదవోలు దాకా ఒక టికెట్, అక్కడ కౌంటర్లో ఇంకో టికెట్ తీసుకున్నవాళ్ళే, తెలియకుండా, ఆ స్టేషన్‌కు ఉపకారం చేస్తున్నారు.

రాజకీయంగా కూడా అంతే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక నిడదవోలు తూర్పు గోదావరిలో ఉంది, పార్లమెంటుకు రాజమండ్రి నియోజకవర్గం. అక్కడ రైలు మారే తణుకు, భీమవరం, పాలకొల్లు జనం పశ్చిమ గోదావరి వాళ్ళు, నరసాపురం నియోజకవర్గం. స్టేషన్ ఒక ఎంపీది, కష్టపడేవాళ్ళు ఇంకో ఎంపీ ఓటర్లు.

## భీమవరం: జంక్షన్ ఒకటి, జనం ఎక్కేది ఇంకొకటి

భీమవరంలో రెండు స్టేషన్లు. లైన్లు కలిసే చోట పేరులోనే ఉన్న జంక్షన్. గుడివాడ వైపు లైను మీద ఊళ్ళో టౌన్ స్టేషన్. అమృత్ భారత్ జాబితాలోకి ఎక్కింది టౌన్. జిల్లా కేంద్రమయ్యాక టౌన్ స్టేషన్ మీద ఒత్తిడి పెరిగింది కాబట్టి అది సబబే అనేవాళ్ళున్నారు. ప్రయాణికులు ఎక్కడుంటే సౌకర్యాలు అక్కడుండాలి కదా. జంక్షన్‌ను వదిలేస్తే నరసాపురం, నిడదవోలు, గుడివాడ రైళ్ళ మధ్య మారేవాళ్ళ సంగతేంటి అనేది ఎదుటి వాదన. టౌన్ చుట్టూ ఊరు పెరిగిపోయింది. కొత్త ప్లాట్‌ఫాంలకు, పిట్ లైన్లకు స్థలం వెతకాలంటే ఊరి బయటే మేలనే మూడో మాట కూడా ఉంది. నా మటుకు మొదటి వాదన ఈ రోజుకు, మూడోది పదిహేనేళ్ళ తర్వాతకు సరిపోతుంది. చిక్కల్లా రెండింటికీ ఇప్పుడే స్థలం పట్టి ఉంచుకోవాల్సి రావడం.

## రెండు నిమిషాల స్టాపింగ్ ఖరీదు

ప్రతి వినతిపత్రంలోనూ ఉండే కోరిక, ఫలానా ఎక్స్‌ప్రెస్‌కు స్టాపింగ్. రైల్వే ఒప్పుకుంటే తరచుగా ఆరు నెలలు ప్రయోగాత్మకంగా ఇచ్చి, టికెట్లు చూసి కొనసాగిస్తుంది. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే రైలు ఆగడానికి మూడు కిలోమీటర్ల ముందు నుంచి నెమ్మదిస్తుందని, మళ్ళీ ఆ వేగం అందుకోవడానికి మూడు కిలోమీటర్లు తీసుకుంటుందని అనుకుందాం. ఆ ఆరు కిలోమీటర్లు మామూలుగా మూడుంపావు నిమిషాల దారి. సగటున సగం వేగంతో ఆరున్నర పడుతుంది. ఆగిన రెండు నిమిషాలు కలిపితే నష్టం అయిదు నిమిషాల పైనే. అలాంటివి ఆరు ఊళ్ళకు ఇస్తే అరగంట. దూర ప్రయాణికుడికి అది కోపం తెప్పిస్తుంది.

అయినా జంక్షన్ వాళ్ళ వాదనకు ఇక్కడ కాస్త బరువెక్కువ. మామూలు ఊళ్ళో స్టాపింగ్ ఆ ఊరికే పనికొస్తుంది. నిడదవోలులో ఇస్తే తణుకు నుంచి నరసాపురం దాకా ఉన్న ఊళ్ళన్నిటికీ ఇచ్చినట్టు. షరతు ఒక్కటే: బ్రాంచి రైలు దానికి అందాలి. ఎక్స్‌ప్రెస్ వెళ్ళిన పది నిమిషాలకు భీమవరం నుంచి ప్యాసింజర్ వచ్చేలా టైంటేబుల్ ఉంటే ఆ స్టాపింగ్ వల్ల బాగుపడేది ఆటోవాళ్ళే.

## కోనసీమ లైను వస్తే

పై లెక్కలన్నీ ఒక నిజం మీద ఆధారపడ్డాయి: డెల్టాలో రైలు గోదావరిని దాటేది రాజమండ్రి దగ్గరే. దాన్ని మార్చగలిగేది కోటిపల్లి–నరసాపురం లైను. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లోనే పట్టాలు పడ్డాయి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1940లో, వాటిని పీకేశారు. 2004లో మళ్ళీ ఆ 45 కిలోమీటర్లూ వేశారు. అవతల నరసాపురం దాకా 57 కిలోమీటర్లు 2000-01లో మంజూరైంది. దీని కోసం పట్టుబట్టిన లోక్‌సభ స్పీకర్, అమలాపురం ఎంపీ బాలయోగి 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మీద మూడు పెద్ద వంతెనలు, భూసేకరణ, ఖర్చులో రాష్ట్రం భరించాల్సిన 25 శాతం వాటా దగ్గర పేచీ... వీటన్నిటితో అది పాతికేళ్ళుగా సాగుతోంది. 1890ల్లో ఇంజనీర్లు తప్పించుకున్న మూడు వంతెనలే ఇప్పుడు కడుతున్నారు.

అది పూర్తయితే కాకినాడ, అమలాపురం, నరసాపురం, భీమవరం ఒకే దారిలోకి వస్తాయి. అమలాపురం మనిషి రైలెక్కడానికి రాజమండ్రి దాకా బస్సులో వెళ్ళక్కర్లేదు. రాజమండ్రి వంతెనల మీద ఏదైనా జరిగితే కొన్ని రైళ్ళకైనా మారు దారి ఉంటుంది. నిడదవోలులో మెయిన్ లైన్‌ను అడ్డంగా కోసే రైళ్ళలో కొన్ని అటు మళ్ళవచ్చు. కాకపోతే డబ్లింగ్ అయిన ఆ 221 కిలోమీటర్లతో పోలిస్తే ఈ దారి సింగిల్ లైనే, కాబట్టి బరువైన గూడ్స్‌లు ఎప్పటిలాగే నిడదవోలు మీదుగానే పోతాయి. వాటికి కావాల్సింది వేగం తట్టుకునే పాయింట్లు, ఒక పొడవైన లూపు, ఆ పని జరిగే వారం పది రోజులు రైళ్ళు రద్దయినా సర్దుకునే జనం.